పెద్దకర్మ ముగిసిన తరువాత

బుడమేరు పుట్టిన కొండల చెంతనున్న మైలవరము మహానగరము కాదు, కుగ్రామమును కాదు. చుట్టుప్రక్కల పల్లెల పిల్లలు పుస్తకముల సంచి భుజమున వేసికొని చదువునకు వచ్చు ఊరు. పై చదువులకు, ఉద్యోగములకు ఇక్కడినుండి బెజవాడకు, హైదరాబాదునకు, సముద్రములు దాటి అమెరికాకు తరలిపోయినవారు పలువురు. వేసవి సెలవులలోనో, సంక్రాంతి పండుగకో ఇట్టి ఊళ్లలో ఇటీవల ఒక వేడుక పరిపాటియైనది. పాతికేండ్ల క్రిందటనో, నలుబదియేండ్ల క్రిందటనో కలిసి పదవ తరగతి చదివినవారు ఒకచోట చేరుదురు. వయసు మీరిన గురువులకు శాలువలు కప్పుదురు. పాత గదిలో పాత బల్లలపై కూర్చుండి ఫోటో తీయించుకొందురు. బట్టతలల నడుమ, నెరసిన జడల నడుమ పూర్వపు మారుపేర్లు ఒక్కసారిగా మేల్కొనును.

ఆ సభారంభమున ఒక ఘట్టమున్నది. తమలో కాలధర్మము చెందినవారి పేర్లను ఎవరో ఒకరు చదువుదురు. అందరును లేచి రెండు నిమిషములు మౌనముగా నిలుతురు. పిమ్మట సభ సాగును, భోజనములు నడచును, సాయంకాలమునకు ఎవరి దారిన వారు పోదురు. అట్లు చదివిన పేర్లలో ఒకని భార్య అదే ఊరిలో, ఆ బడికి నాలుగు వీధుల అవతల, సందెవేళ దీపము పెట్టుటకైనను మనసురాక కూర్చుండి యుండవచ్చును. ఆ సభకు రానివారిలో ఒకడు మంచము పట్టియుండవచ్చును. మరియొకడు బిడ్డను పోగొట్టుకొని, నలుగురి నవ్వులలో కలియలేక ఇంటనే ఆగిపోయి యుండవచ్చును. వచ్చినవారిని లెక్కించుట సులభము. రానివాని వాకిలి తట్టుటయే సహాధ్యాయుల స్నేహమునకు నిజమైన పరీక్ష.

బంధువెవడు అను ప్రశ్నకు మన నీతిశాస్త్రకారులు చక్కని సమాధానము చెప్పియున్నారు. ఉత్సవమునకు మాత్రమే కాక ఆపదలో, కరవులో, రాజద్వారమున, చివరకు శ్మశానమున కూడ ప్రక్కన నిలుచువాడే బంధువని వారి తాత్పర్యము. మాట గొప్పదే. కాని ఆ నిర్వచనము శ్మశానము వద్ద ఆగిపోయినది. శ్మశానమునుండి ఇంటికి మరలివచ్చిన తరువాత ఆ ఇంటివారికి గడపవలసిన దినములెన్ని! పెద్దకర్మ నాటివరకు ఇల్లు జనముతో నిండియుండును. వండువారు, వడ్డించువారు, ఓదార్చువారు, లెక్కలు చూచువారు ఉందురు. మరునాడు పందిరి విప్పుదురు, కుర్చీలు అద్దెకొట్టునకు పోవును, దూరపుచుట్టములు బస్సెక్కుదురు. దుఃఖము అసలైన రూపముతో ఇంటిలో అడుగుపెట్టునది ఆనాడే. బంధువుల పాత్ర ముగియుచున్న ఆ చోటనే పాత మిత్రుని పాత్ర ఆరంభము కావలెనని నా మనవి.

పాత మిత్రుడే ఎందులకు? అతనికిని బంధువునకును ఒక భేదము కలదు. చుట్టరికము వెంట హక్కులు, పంపకములు, పెట్టుపోతలు, అలుకలు ఉండును. సహాధ్యాయికి మైల లేదు, వాటా లేదు. అతడు రావలసిన విధి లేదు. కనుకనే వచ్చినపుడు ఆ రాకకు విలువ హెచ్చు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. రోగి తన ఇంటివారికి రోగి. వైద్యునికి ఒక మంచము సంఖ్య. పొరుగువారికి జాలి గొలుపు మనిషి. పాత మిత్రునికి మాత్రము అతడు ఇంకను చెరువుగట్టున పరుగులో ముందు నిలిచినవాడు, లెక్కల మాస్టారి చేతి బెత్తమును తప్పించుకొన్నవాడు. రోగము దాపురించుటకు పూర్వపు మనిషిని రోగికి తిరిగి చూపగలవాడు అతడొక్కడే.

ఈ సత్యము పోతన భాగవతము చదివినవారికి కొత్తది కాదు. చినిగిన వస్త్రములతో వచ్చిన కుచేలుని కాళ్లు కడిగి, పానుపుపై కూర్చుండబెట్టుకొని, శ్రీకృష్ణుడు మొదట ప్రస్తావించినది అతని పేదరికమును కాదు. గురుపత్ని కొరకు కట్టెలు తెచ్చుటకు అడవికి పోయి, గాలివానలో చిక్కుకొని, చేతులు పట్టుకొని తిరిగిన రాత్రిని గుర్తుచేసినాడు. అడుగుటకు నోరు రాని మిత్రునకు అడుగవలసిన అగత్యమే లేకుండ చేసినాడు. సంపదలు కుచేలుడు ఇల్లు చేరిన తరువాతగాని అతని కంటబడలేదు. సహాయము చేయు పద్ధతిలో ఇంతకు మించిన పాఠము మరొకటి లేదు.

దీనికి సరిగా ఎదురైన కథ భారతమున కలదు. ద్రోణుడును ద్రుపదుడును ఒకే గురుకులమున విద్యనభ్యసించినవారు. రాజ్యము వచ్చిన పిమ్మట ద్రుపదుడు, రాజునకును పేదకును మైత్రి ఎక్కడిదని పాత మిత్రుని అవమానించి పంపినాడు. ఆ ఒక్క మాటనుండి పుట్టిన పగ రెండు తరములను దహించినది. సహాధ్యాయుల నడుమ కాలక్రమమున ధనమున, పదవిలో అంతరము కలుగక తప్పదు. ఆ అంతరమును కుచేలుని మిత్రునివలె దాటవచ్చును, ద్రోణుని మిత్రునివలె కొలువవచ్చును.

పురాణములు అటుండనిండు. మన తాతల కాలమున, మన గోదావరీ కృష్ణా మండలములలోనే నడచిన చరిత్ర ఒకటి కలదు. మైలవరము సంస్థానపు ప్రాపున ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో వెలసిన బాలభారతీ నాటక సమాజము పేరు ఆంధ్ర నాటకరంగము ఎరిగినదే. నాటకమన్న చెవికోసికొను ఈ ప్రాంతమున, తెల్లవారుదాక రాయబారము పద్యములు వినని పల్లె ఒకప్పుడు లేదు. ఆ పాండవ నాటకములు వ్రాసిన తిరుపతి వేంకట కవులు సహాధ్యాయులని ఎందరికి జ్ఞాపకము?

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియమున జన్మించెను. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరము చెంతనున్న యెండగండిలో జన్మించెను. ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి వద్ద చదువుకొనిరి. తిరుపతిశాస్త్రి శాస్త్రవాదమున దిట్ట. వేంకటశాస్త్రి పురాణేతిహాసముల నుడివి నలుగురి మెప్పు పొందు నేర్పరి. వినాయక చవితి ఉత్సవమునకు చందాలు వసూలు చేయు సందర్భమున వారు కలిసి పనిచేసి ఒకరి శక్తిని మరొకరు గుర్తించిరట. గురువుగారి అరుగుమీద మొలచిన ఆ చెలిమి శతావధానములుగా, కావ్యములుగా, నాటకములుగా తెలుగు దేశమంతట వ్యాపించినది. ఏ పద్యము ఎవరిదో చెప్పుటకు వీలులేని విధముగా ఇరువురు ఒక్క పేరుతో వ్రాసిరి.

1920 నవంబరులో తిరుపతిశాస్త్రి మధుమేహముతో మరణించెను. వయసు 48 సంవత్సరములు. ఆ మరుసటి ఏడు, 1921లో, కెనడాలోని టొరాంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడినది. 1922 జనవరిలో తొలిసారిగా 14 ఏండ్ల బాలునకు ఎక్కించిరి. అంతకు ముందు ఆ వ్యాధి ముదిరినవానికి పథ్యము, ఆప్తుల సేవ తప్ప వేరు దిక్కు లేదు. మందు లేని రోగము ముందర స్నేహము సయితము ఓడిపోవును. కాని మరణము ముందర ఆ స్నేహము ఓడిపోలేదు. వేంకటశాస్త్రి ఆ తరువాత దాదాపు 30 సంవత్సరములు జీవించెను. 1949లో మద్రాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా గౌరవించినది. 1950 ఫిబ్రవరిలో ఆయన కన్ను మూసెను. ఆ మూడు దశాబ్దుల కాలమున తానొక్కడే వ్రాసిన వానిని సయితము తిరుపతి వేంకట కవుల పేరుతోనే ప్రకటించెను. పోయిన మిత్రుని పేరు తన పేరునకు ముందే నిలిచినది.

దీనిని కేవలము కవుల ముచ్చటగా త్రోసివేయరాదు. ఆప్తుని పోగొట్టుకొన్నవారికి లోకము చెప్పు మాట, మరచిపొమ్మని. వేంకటశాస్త్రి చేసినది దానికి విరుద్ధము. ఆయన మరువలేదు, మరువకుండుటనే దినదినపు పనిగా మార్చుకొనెను. దుఃఖమును మోయుటకు ఇంతకంటె ఆరోగ్యకరమైన మార్గము కనబడదు. పేరును పలుకుట, పనిని కొనసాగించుట, పోయినవానికి మన నడుమ ఒక చోటు ఉంచుట, ఇవే ఆ మార్గమున అడుగులు.

వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన సంగతి ఉపాధ్యాయులకు ప్రీతికరము. ఆ బందరులో ఆయన శిష్యులైన పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు గురువుగారి దారినే నడచి జంటకవులైరి. తమ సౌందరనందమును గురువునకే అంకితమిచ్చిరి. కాటూరి 1962లో గతించగా, పింగళి మరి పదియేండ్లు జీవించి 1972లో దివంగతులైరి. స్నేహము కూడ పాఠమువలెనే గురువునుండి శిష్యునకు సంక్రమించుననుటకు ఇది నిదర్శనము. ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పిన పాఠము కొంత మరపునకు వచ్చును. తన మిత్రుని యెడల ఆయన మెలగిన తీరు మరపునకు రాదు.

ఇక నేటి మాటకు వత్తము. ఇబ్రహీంపట్నమునుండి మైలవరము మీదుగా తిరువూరు పోవు 30వ జాతీయ రహదారిపైనున్నది ఏ.కొండూరు. ఆ మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి పేదకుటుంబములను పీడించుచున్నది. ఈ వ్యాధి ముదిరినవానికి డయాలిసిస్ అవసరమగును. వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పడుకొనవలెను. అది ఒక నెలతో, ఒక ఏడుతో తీరునది కాదు. ప్రభుత్వము ఖర్చు భరించినను, తోడు వెళ్లుటకు మనిషి కావలెను. ఇంటిలో సంపాదించువాడే తోడు పోయిన నాడు కూలి పోవును. మొదటి నెల అన్నదమ్ములు వత్తురు. ఆరవ నెలకు భార్య ఒక్కతే మిగులును.

ఇట్టిచోట సహాధ్యాయులు ఏమి చేయగలరు? వైద్యము చేయలేరు, వంతు వేసికొనగలరు. కలిసి చదివినవారు పన్నెండుగురు ఉన్నచో, ఒక్కొక్కరికి నెలకు ఒక్కసారి మాత్రమే వంతు వచ్చును. నాలుగు గంటలు మిత్రుని మంచము ప్రక్కన కూర్చుండుట నెలకొకసారి ఎవరికిని భారము కాదు. ఆ రోజున అతని భార్య తన పనికి పోగలదు, లేదా ఊరక నిద్రపోగలదు. చందా వసూలు చేసి, చెక్కు ఇచ్చుచు ఫోటో తీయించుకొనుటకంటె ఇది వేయిరెట్లు మేలైన దానము. రక్తము అవసరమైనపుడు పరుగెత్తుటకు, ఆరోగ్య పథకము కాగితములు పూరించుటకు, పెద్ద ఆసుపత్రిలో ఏ గదికి పోవలెనో తెలియనివానిని చేయి పట్టుకొని నడుపుటకు డబ్బుకంటె మనిషియే ముఖ్యము.

మిత్రుడు రోగికి మందు కాడన్న మాట నిజమే. కాని అతని ఉనికి ఆయుర్దాయమునకు సంబంధించినదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2010లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక సమీక్ష 148 పరిశోధనలను, 3,08,849 మంది జీవితములను లెక్కకు తీసికొన్నది. తోటివారితో గట్టి సంబంధములు కలవారికి, అవి లేనివారికంటె బ్రతికియుండు అవకాశము 50 శాతము అధికమని తేల్చినది. పొగ మానుటవలన కలుగు మేలుతో ఈ మేలును పోల్చిరి.

వియోగమును గూర్చిన పరిశోధన మరింత కన్ను తెరిపించునది. 1969లో బ్రిటనులో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, భార్యలను పోగొట్టుకొన్న 55 ఏండ్లు పైబడిన 4,486 మంది పురుషుల జీవితములను 9 సంవత్సరములు అనుసరించి చూచిరి. మొదటి 6 నెలలలో వారిలో మరణములు సాధారణముగా ఊహింపదగిన దానికంటె 40 శాతము హెచ్చుగా నుండెను. అందులో అధిక భాగము గుండెజబ్బులవలన కలిగినవి. గుండె పగిలినదని మన పెద్దలు ఊరక అనలేదన్నమాట. ఆ తరువాత ఆ ప్రమాదము క్రమముగా తగ్గినది.

ఈ ఆరు నెలల లెక్కను మన ఆచారము ప్రక్కన ఉంచి చూడుడు. జనము వచ్చునది పెద్దకర్మ వరకే. ప్రమాదము నిలిచియుండునది ఆరు నెలలు. అయినను మన పూర్వులు ఈ సంగతి ఎరుగనివారు కారు. ఏడాది పొడవున నెలనెలా మాసికము పెట్టి, సంవత్సరాంతమున సాంవత్సరికము జరుపవలెనని వారు విధించిరి. పోయినవారి పేరుతో, ఉన్నవారి గుమ్మము నెలకొకసారి తెరచియుండవలెనన్న తెలివి ఆ విధిలో ఇమిడియున్నది. నేడు పలు ఇండ్లలో ఆ మాసికములు మాయమైనవి. ఆ స్థానమును సహాధ్యాయులు తీసికొందురుగాక! మంత్రము రానక్కరలేదు, దక్షిణ ఇయ్యనక్కరలేదు. ఏడాదిపాటు నెలకొకసారి మిత్రుని ఇంటికి పోయి గంటసేపు కూర్చుండి వచ్చిన చాలును.

పోయి ఏమి మాటలాడవలెనను జంకు సహజము. ఆ జంకువలననే పలువురు పోవుట మానుదురు. ధైర్యము చెప్పనక్కరలేదు; విధిని గూర్చి ఉపన్యసింపనక్కరలేదు. పోయినవారి పేరు పలుకవలెను. వారిని గూర్చి మనకు తెలిసిన ఒక చిన్న సంగతి చెప్పవలెను. తండ్రి బాల్యమున బడి గోడ దూకి మామిడికాయలు కోసిన కథ అతని కుమారునకు మనము తప్ప మరెవ్వరు చెప్పగలరు? ఆ ఒక్క కథ ఆ బిడ్డకు ఆస్తివంటిది. ఏడ్చినచో ఏడువనీయవలెను. మౌనముగా కూర్చున్నచో తోడుగా మౌనము వహింపవలెను. చేతిఫోనులో చేతులు జోడించిన బొమ్మ పంపి ఊరకుండుట మాత్రము పరామర్శ అనిపించుకొనదు. దూరదేశమున ఉన్నవారు బొమ్మకు బదులు గొంతు వినిపింపవచ్చును. ఆ పిలుపు పదునైదవనాడును, నలుబదవనాడును రావలెను.

స్త్రీల విషయమున ఈ కర్తవ్యము మరింత గురుతరము. బడిలో ఒకే బల్లపై కూర్చున్న బాలికలు వివాహములతో ఊళ్లు మారుదురు, ఇంటిపేర్లు మారుదురు. ఒకరి జాడ మరొకరికి తెలియక పోవును. వారిలో ఒకతె భర్తను పోగొట్టుకొన్నచో, శుభకార్యములలో ఆమెను వెనుక వరుసకు నెట్టు దురాచారము నేటికిని పూర్తిగా పోలేదు. ఆమెను పేరంటమునకు ముందుగా పిలిచి, తన ప్రక్కన కూర్చుండబెట్టుకొను ధైర్యము ఎవరికి ఉండవలెను? కన్నవారికి, అత్తవారికి లోకభీతి అడ్డము రావచ్చును. చిన్ననాటి నేస్తమునకు అడ్డమేమున్నది?

ఇది ఆచరణసాధ్యము కాని ఆదర్శమని కొందరనవచ్చును. వారు మన పొరుగుననున్న కేరళమును చూతురుగాక. 1993లో కోళిక్కోడు నగరమున కొందరు వైద్యులును వారి మిత్రులును, నయము కాని వ్యాధిగ్రస్తుల బాధానివారణకు ఒక సంఘమును స్థాపించిరి. పిమ్మట ఆ పని ఆసుపత్రి గోడలు దాటి వీధులలోనికి వచ్చినది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, వ్యాపారులు, కూలీలు కొద్దిపాటి శిక్షణ పొంది, వారమునకు కొన్ని గంటలు రోగుల ఇండ్లకు పోవుట నేర్చిరి. పుండ్లు కడుగుట, పిల్లల చదువు చూచుట, ఊరక కూర్చుండి మాటలాడుట వారి పని. అపరిచితులకే అక్కడ ఇంత చేయగలిగినపుడు, ఒకే బావినీరు త్రాగి, ఒకే గంట విని పెరిగినవారు మనలో మనకు చేసికొనలేమా?

ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ స్నేహధర్మము ఏబదవ ఏట పుట్టుకొని రాదు; పదవ ఏట నాటవలెను. మీ తరగతిలో తండ్రిని పోగొట్టుకొన్న పిల్లవాడు పది పదునైదు దినముల తరువాత బడికి తిరిగి వచ్చును. ఆనాడు తరగతి అతనిని ఎట్లు స్వీకరించుననునది మీ చేతిలో నున్నది. అతడు రాకపూర్వమే తోటి పిల్లలతో మాటలాడుడు. గుచ్చిగుచ్చి అడుగవద్దనియు, దూరముగా తొలగవద్దనియు చెప్పుడు. తప్పిన పాఠములను తలా ఒకటి చొప్పున వ్రాసి అతని పుస్తకము నింపుమనుడు. దీర్ఘరోగముతో సెలవులో నున్న బాలికకు తరగతి అంతయు కలిసి ఉత్తరము వ్రాయింపుడు. హాజరు పిలుచునపుడు ఆమె పేరు దాటవేయక పిలువుడు. పలుకు రాని ఆ క్షణమున తరగతి ఆమెను తలచుకొనును.

విద్యార్థులకు ఒక మాట. నేడు మీ ప్రక్కన కూర్చున్నవానిని మీరు ఎన్నుకొనలేదు. ఊరు ఎన్నుకొన్నది, వయసు ఎన్నుకొన్నది, హాజరుపట్టీలో అక్షరక్రమము ఎన్నుకొన్నది. అతని కులము, ధనము, మార్కులు మీ స్నేహమునకు కారణములు కావు. ఇట్లు కారణము లేకుండ లభించిన బంధము జీవితమున మరల లభించుట అరుదు. అతని ఊరు, ఇల్లు, తల్లిదండ్రుల పేర్లు తెలిసికొని ఉంచుకొనుడు. ఒకనాడు అవి అక్కరకు వచ్చును.

మైలవరమువంటి ఊళ్లలో ఈ యేటి సమ్మేళనములు మరల జరుగును. శాలువలు కప్పుట మంచిదే, విందులు మంచివే. వానితోపాటు ఒక చిన్న పని చేర్చుకొందురుగాక. మౌనము పాటించిన తరువాత, కూర్చుండుటకు పూర్వము, రెండు జాబితాలు చదువుడు. ఒకటి, మంచము పట్టిన మిత్రులది. రెండవది, ఆ ఏడు ఆప్తులను పోగొట్టుకొన్నవారిది. ఒక్కొక్క పేరునకు ఎదురుగా, నెలనెలా ఆ ఇంటికి పోవుటకు పూనుకొన్నవారి పేర్లు వ్రాయుడు. మరుసటి సమ్మేళనమున మొదట ఆ కాగితమునే విప్పి చదువుడు.

చిన్నప్పుడు మాస్టారు హాజరు పిలిచినపుడు, గైరుహాజరైనవాని ఇల్లు ఎరిగినవాడెవడని అడిగెడివారు. ఎవడో ఒకడు చేయి ఎత్తెడివాడు. సాయంకాలము బడి విడిచిన పిమ్మట, వాడు ఇంటికి పోవు దారిలో ఆ వాకిట నిలిచి కేకవేసెడివాడు. పెద్దవారమైన మనకు మిగిలియున్న పనియు అదియే.